ఆరు దుప్పట్లు, ఇరవై మూడు ఇళ్లు

నాలాపారా, జాముల్ రోడ్డు, భిలాయి
మే 19

హైదరాబాదులో ఉంటున్న కిరణ్మయి గారికి,

నా పేరు పార్వతమ్మ. వయసు డెబ్బై నాలుగు. ఆధార్ కార్డులో అరవై తొమ్మిది అని ఉంది, అది తప్పు. మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో ఠేకా కూలీగా, అంటే కాంట్రాక్టు పని చేసి, పోయి పంతొమ్మిదేళ్లయింది. ఇంట్లో నేను, కొడుకు అనిల్, కోడలు నీలిమ, మనవరాలు హరిత, మొత్తం నలుగురం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోహ్కాలో ఉండే బంగార్రాజు గారు రాస్తున్నారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవారు. మా పారాలో, అంటే ఈ పేటలో, తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమంది ఉన్నా తెలుగు రాయడం వచ్చినవాడు ఒక్కడూ దొరకలేదు. నా మాట మోటుగా ఉంది, దిద్ది రాస్తానన్నారు. దిద్దండి గానీ మెత్తన చేయొద్దు అన్నాను.

ఫోన్లో చెబితే మీరు మధ్యలో పెట్టేయవచ్చు. అందుకని ఉత్తరం.

కిందటి ఆగస్టులో మా నాలా పొంగిన సంగతి మీకు తెలుసు. గట్టు మీద ఎగువ వరసలో శ్రీకాకుళం నుంచి వచ్చిన మాలాంటి వాళ్లం ఉంటాం. నీళ్లు మా గుమ్మం దాకా వచ్చి ఆగాయి. దిగువ వరసలో ఇరవై మూడు ఇళ్లు. వాళ్లు కొంటా అవతల అడవి ఊళ్ల వాళ్లు. ఇటు తుపాకీకి, అటు తుపాకీకి మధ్య బతకలేక చాలా ఏళ్ల కిందట పిల్లల్ని చంకన వేసుకుని వచ్చి, ఎవరికీ పనికిరాని ఆ పల్లంలో గుడిసెలు వేసుకున్నారు. వరదకి వాళ్లకి మిగిలింది ఒంటి మీద బట్ట.

తర్వాత వరద సాయం చేసే సంస్థ వాళ్లు ఇంటికొక దుప్పటి, ఒక తార్పాలిన్ పంపారు. అవి అందాయా లేదా చూసి రాయమని ఫిబ్రవరిలో మిమ్మల్ని పంపారు. మీరు వచ్చారు, చూశారు, వెళ్లారు.

మొన్న బుధవారం సంస్థ దుర్గ్ ఆఫీసు నుంచి జితేంద్ర అనే అతను వచ్చి గోడకి కాగితం అంటించాడు. హిందీలో చదివి వినిపించాడు. దిగువ వరసలో ఇరవై మూడు ఇళ్లకీ సాయం పూర్తిగా అందిందట. జనం కోలుకున్నారట. అందుకని వాళ్లకి కట్టిస్తామన్న ఎత్తు పునాది ఇళ్లు ఇక అవసరం లేదట, ఆ పని ఇంకో చోటికి మార్చారట. కింద మీ పేరు చదివాడు.

 ఇంకోసారి చదవమన్నాను, అదే చదివాడు. దిగువ వరసలో ఒక్క ఇంటికి కూడా ఏమీ అందలేదు. లారీ వచ్చింది, రేషన్ కార్డు ఉన్నవాళ్లకే ఇస్తామన్నారు, మాకు ఇచ్చారు, కార్డు లేని వాళ్లని పక్కకి నెట్టి మిగతా సరుకుతో వెళ్లిపోయారు. మీరు ప్రతి ఇంట్లోకీ వంగి దూరి చూశారు కదా. ఏమి చూశారు? ఏమి రాశారు?

వానలు నెల రోజుల్లో వస్తాయి. రాసింది మీరే కాబట్టి మార్చి రాయవలసింది మీరే.

పార్వతమ్మ (ఎడమ బొటనవేలి ముద్ర)

*

హైదరాబాదు
మే 27

పార్వతమ్మ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సెక్టర్ 6లో మా క్వార్టర్‌లో ఏడేళ్లు అమ్మ దగ్గర పనిచేసి, నాకు జడలు వేసిన మీరు నన్ను 'గారు' అని రాయించడం దగ్గరే ఆగిపోయాను. మిగతాది తర్వాత తలకెక్కింది.

మీరు రాసింది నమ్మలేకపోతున్నాను. నోట్సు తీసి చూసుకున్నాను. ఇరవై మూడు ఇళ్లకీ వెళ్లాను. ప్రతి ఇంట్లో నీలం చారల దుప్పటి పరిచి ఉంది. సంస్థ ఇచ్చిన దుప్పటే, మూలన ముద్ర ఉంది. దాని మీదే నన్ను కూర్చోబెట్టారు. పైకప్పు మీద నీలం పట్టాలు ఉన్నాయి. 'అందిందా' అని ప్రతి ఇంట్లో అడిగాను, అందిందన్నారు. ఎవరైనా తడబడితే మీరే నా వెనక నిలబడి, "అందినాయమ్మా, అందరికీ అందినాయి" అన్నారు.

మరి ఆ దుప్పట్లు ఎక్కడివి? ఎవరు అబద్ధం చెప్పినట్టు?

నివేదిక మార్చాలంటే నా మాట చాలదు. దిగువ వరస వాళ్లు ఏమీ అందలేదని కాగితం మీద రాయించి, వేలిముద్ర వేసి, సాక్షులతో పంపాలి. జూలై 20న సంస్థ పెద్దలు కూర్చుంటారు. ఆ లోపల నాకు నిజం కావాలి.

కిరణ్మయి

*

నాలాపారా
జూన్ 4

కిరణమ్మకి,

నీ ఉత్తరం బంగార్రాజు గారు చదివారు. "అబద్ధం ఎవరు చెప్పినట్టు" అన్న చోట ఆగి, కళ్లజోడు పైనుంచి నా వైపు చూశారు. "ఏటి సూస్తావు, సదువు" అన్నాను.

ఇక గారు, మీరు ఎందుకులే. చెబుతాను.

ఆ రోజు నువ్వు కారు దిగగానే నీలిమ పరుగున వచ్చింది. "అత్తా, లలితాంబగారి పాప వొచ్చినాది. కింద వరస కాడికే ఎల్తాదట."

"ఎల్లనీ, మంచిదే కదా."

"ఎక్కడ కూకుంటాది? ఆళ్లకి చాప ముక్కయినా నేదు. నేలంతా సెమ్మ."

అప్పుడు నాకు ఏమి తోచిందో నీకు అర్థమవుతుందో కాదో. మీ ఇంట్లో ఏడేళ్లు పనిచేశాను. మీ అమ్మ లలితాంబగారు మంచిదే, పండక్కి చీర పెట్టేది. కానీ వంటింటి గుమ్మం పక్కన నా గ్లాసు వేరు, నేను కూర్చునే నేల వేరు. ఏడేళ్లలో ఒక్కసారి చాప వేసి కూర్చో అనలేదు. ఆ ఇంటి పిల్ల మా చోటుకి వస్తే బురద నేల మీద కూర్చుందన్న మాట రాకూడదు అనుకున్నాను. రోషమే అనుకో.

ఎగువ వరసలో ఆరు దుప్పట్లు అడిగి తీసుకున్నాం. నువ్వు ఒక ఇంట్లో మాట్లాడుతుంటే నీలిమ, ఛాయ వెనక సందులోంచి ముందు ఇళ్లకి మోసుకెళ్లి పరిచారు. నువ్వు లేచిన చోటివి తీసి, ఇంకా ముందుకి. ఛాయ అంటే దిగువ వరసలో ఉండే ఇడుమ కోడలు, చంటిపిల్ల తల్లి. ఛాయకి ఆ రోజంతా నవ్వే. "అమ్మమ్మా, దీదీ కన్నా మనమే ఎక్కువ నడిచినాం" అంది. ఇంక పైకప్పు నీలం అన్నావే, అవి ఎన్నికల ఫ్లెక్సీలు. బొమ్మ లోపలికి పెట్టి కప్పుకున్నారు. తల ఎత్తితే ఎవరో నాయకుడి పళ్లు నీకు కనపడేవి.

దుప్పట్లు పరిచింది నువ్వు కూర్చోడానికి. వాటిని నువ్వు లెక్క వేసుకుంటావని నాకేం తెలుసు?

అందిందని ఎందుకు చెప్పించాను అంటావు. ఇడుమ అడిగాడు, "అక్కా, ఏమని చెప్పాలి" అని. ఇచ్చినవాళ్ల తరపున మనిషి వచ్చింది, మొహం చిన్నబుచ్చి పంపితే మళ్లీ ఏమీ రాదేమో అని, అందిందని చెప్పమన్నాను. నేను చెప్పకపోయినా వాళ్లు అదే అనేవారు. వాళ్ల ఊళ్లో పొద్దున ఒకరు వచ్చి నిన్న ఎవరికి అన్నం పెట్టావని అడిగేవారట. సాయంత్రం ఇంకొకరు వచ్చి అదే అడిగేవారట. చేతిలో కాగితం ఉన్నవాడు ఏమి వినడానికి వచ్చాడో అది చెప్పి పంపడమే వాళ్లకి తెలుసు. ఇడుమ తమ్ముడు ఒకసారి ఉన్నమాట చెప్పాడు. తర్వాత అతను లేడు.

వేలిముద్ర మాట ఎత్తకు. ఆ ఊరి మగవాళ్లంతా ఒక కాగితం మీద వేళ్లు వేస్తే అది రెండో వాళ్ల చేతిలో పడింది. ఊరు కాలింది. ఈ వరసలో ఒక్కరూ కాగితం మీద వేలు పెట్టరు. ఇడుమని అడిగాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు, చిన్నపిల్లాడిలాగా.

నేను వేస్తే? పార్వతమ్మ అబద్ధాలకోరు అని, ఈ పారా వాళ్లంతా దొంగలని రాసుకుంటారు. ఎగువ వరస వాళ్లు నన్ను బతకనివ్వరు. "నీ మర్యాదకి మా దుప్పట్లు ఇచ్చాం, ఇప్పుడు మా పరువు కూడా ఇవ్వాలా" అని ఇప్పటికే గొణుగుతున్నారు.

ఇంకొకటి. ఆ ఆరు దుప్పట్లలో మా ఇంటిది ఇడుమ దగ్గరే ఉండిపోయింది. చలి కదా ఉంచుకో అన్నాను. రెండుసార్లు మడతపెట్టి తెచ్చాడు, "అక్కా, ఇది మీది" అంటూ. రెండుసార్లూ తిట్టి పంపాను.

నువ్వు చదువుకున్నదానివి. వేలిముద్ర లేకుండా దారి చూడు.

పార్వతమ్మ (వేలిముద్ర)

*

హైదరాబాదు
జూన్ 15

పారమ్మకి,

చిన్నప్పుడు పిలిచిన పేరే రాస్తున్నాను.

నువ్వు రాయించింది చదివాను. గ్లాసు సంగతి నాకు గుర్తుంది. స్టీలు గ్లాసు, అంచు సొట్ట. అది వేరుగా ఎందుకుండేదో ఇన్నేళ్లూ ఆలోచించలేదు.

దుప్పట్ల సంగతి ఆ రోజే నేను గమనించి ఉంటే ఎంత బాగుండేది. నాకు తెలియలేదు. క్షమించు.

పెద్దల్లో ఒకరికి ఫోన్ చేసి అడిగాను. నివేదిక ఒకసారి ఒప్పుకున్నాక కాగితం మీద ఆధారం లేకుండా తెరవరు అన్నారు. నేను మళ్లీ చెబుతున్నాను, ఒక్కరైనా వేలిముద్ర వేయాలి. ఇడుమని ఇంకోసారి అడుగు. నా మాటగా అడుగు. ఇళ్లు వస్తాయంటే భయం తగ్గుతుందేమో.

వానలు ఈసారి ఆలస్యమని వార్తల్లో చెబుతున్నారు. మనకి కాస్త సమయం ఉంది.

కిరణ్మయి

*

నాలాపారా
జూలై 3

కిరణ్మయికి,

ఇడుమ పోయాడు.

నిన్న పొద్దున్నించి కుండపోత. పదిన్నరకి నాలా కట్ట తెగింది. మగవాళ్లు పనుల్లోకి వెళ్లిపోయారు. మేము ఆడవాళ్లం తాడు పట్టుకుని దిగువ వరస వాళ్లని ఒక్కొక్కళ్లని గట్టెక్కించాం. ఇడుమ ఛాయ పిల్లని నెత్తిన పెట్టుకుని వచ్చాడు. నా చేతికి ఇచ్చాడు. నీళ్లు అప్పటికి తొడల దాకా.

గట్టు మీద నిలబడి అందరినీ చూశాడు, తల తడుముకున్నాడు, మళ్లీ దిగాడు. "ఎక్కడికిరా" అని అరిచాను.

"అక్కా, నీ దుప్పటి లోపల ఉండిపోయింది."

"పోతే పోనీ, రా ఇటు."

"మీది కదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. లోపలికి వంగాడు. గోడ మట్టిగోడ, కిందటి ఏడే నాని ఉంది. కూలిన చప్పుడు కూడా పెద్దగా కాలేదు.

మూడింటికి బయటికి తీశారు. దుప్పటి చంకలో ఉంది. మా దుప్పటే. పొయ్యి నిప్పు పడి మూల కాలిన దుప్పటి. పెద్దాసుపత్రి నుంచి తెచ్చాక దాన్నే కప్పారు. ఇంకొకటి లేదు.

నాకు ఏడుపు రాలేదు. ఇంతవరకూ రాలేదు. బంగార్రాజు గారు రాస్తూ రాస్తూ కలం పెట్టేశారు, మళ్లీ తీసుకున్నారు.

మర్యాద కోసం నేను పంపిన దుప్పటి అది. రెండుసార్లు తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. నేను తీసుకోలేదు.

పార్వతమ్మ (వేలిముద్ర)

*

హైదరాబాదు
జూలై 8

పారమ్మా,

కాలిన మూల అని రాయించావు. 

ఫిబ్రవరిలో నేను తీసిన మూడు ఫోటోలు ఇందులో పెట్టాను. హరితకి చూపించు, చూసి చెబుతుంది. నాలుగో ఇల్లు, తొమ్మిదో ఇల్లు, పద్దెనిమిదో ఇల్లు. మూడింట్లోనూ నేల మీద ఉన్నది ఒకటే దుప్పటి. కుడివైపు మూల కాలి, అరచేయంత నల్లగా ఉంది.

ఇవి ఇప్పుడు వెతికి పట్టుకున్నవి కావు. నాకు ఆ రోజే తెలుసు. తొమ్మిదో ఇంట్లో కూర్చోబోతూ ఆ మూల మీద చేయి ఆనించాను. నాలుగో ఇంట్లోనూ అదే మూల మీద ఆనించానని గుర్తొచ్చింది. దుప్పటి ఇంకా వెచ్చగా ఉంది, ఎవరో అప్పుడే దాని మీంచి లేచినట్టు. వెనక సందులో ఛాయ నవ్వు వినపడింది. అంతా అర్థమైంది.

'నాకు తెలియలేదు, క్షమించు' అని కిందటి ఉత్తరంలో రాశాను. అది అబద్ధం.

ఎందుకు నోరు మెదపలేదంటే, మొదట నాకు చెప్పుకున్న కారణం, అందరి ముందూ నిన్ను అబద్ధాలకోరుని చేయలేక అని. అది సగమే నిజం. దుప్పట్లు అందలేదని రాస్తే సరుకు ఎటు పోయిందో అడుగుతారు, ఇంకో వారం ఉండాలి, గొడవలు, ఫోన్లు. మర్నాడు పొద్దున్న రాయపూర్‌లో విమానం ఉంది. ప్రతి ఇంట్లో అందిందన్నారు కదా, అదే రాస్తే నన్ను ఎవరూ తప్పు పట్టరు అనుకున్నాను. కాళ్లు లాగుతున్నాయి, నువ్వు టీ ఇచ్చావు. తాగి, ఇరవై మూడు అని రాశాను.

నువ్వు మర్యాద చేశావు. దాన్ని రుజువుగా వాడుకున్నది నేను.

ఈ సంగతంతా రాసి, ఫోటోలు జతచేసి నిన్న పెద్దలకి పంపాను. నన్ను ఇక పనికి పిలవరు. అది నువ్వు పట్టించుకోవాల్సిన విషయం కాదు. కానీ వాళ్లు ఇంకా అక్కడి వాళ్ల కాగితం కావాలంటున్నారు. అడగడానికి నాకు మొహం లేదు.

కిరణ్మయి

*

నాలాపారా
జూలై 11

కిరణ్మయికి,

ఫోటోలు హరిత చూపించింది. పద్దెనిమిదో ఇంటి ఫోటోలో గుమ్మం పక్కన ఇడుమ ఉన్నాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఫోటో తీస్తున్నారని.

బంగార్రాజు గారు నీ ఉత్తరం చదివాక నేను అన్న మాటలు ఆయన రాయనన్నారు. ఆయన ప్రార్థనకి వెళ్లే మనిషి. రాయొద్దులే, నువ్వు ఊహించుకో.

నువ్వు తెలిసి ఊరుకున్నావు. నేను తెలియక పరిచాను, తెలిశాక నెల రోజులు పరువు చూసుకుని ఊరుకున్నాను. ఇద్దరి మధ్యా ఎంత తేడా ఉందో నేను తేల్చుకోలేకపోతున్నాను.

నేను వేలు వేస్తాను. ఎగువ వరస వాళ్లకి నిన్న గట్టు మీద నిలబడి చెప్పాను. 

నువ్వు ఉత్తరంలో ఒప్పుకుంటే సరిపోదు. ఇక్కడికి రా. సాక్షిగా సంతకం పెట్టు. ఈసారి నీ కోసం ఏమీ పరచము.

పార్వతమ్మ (వేలిముద్ర)

*

నాలాపారా, జాముల్ రోడ్డు, భిలాయి
జూలై 14

సంస్థ పెద్దలకి,

నేను పార్వతమ్మని, డెబ్బై నాలుగేళ్లదాన్ని, ఎగువ వరసలో ఉంటాను, నా ఇంట్లో నలుగురం. నాకు ఎవరూ నేర్పకుండా, బెదిరించకుండా చెబుతున్నది ఇది.

దిగువ వరసలో ఇరవై మూడు ఇళ్లకి మీ దుప్పటి గానీ తార్పాలిన్ గానీ ఒక్కటి కూడా అందలేదు. కార్డు లేదని ఇవ్వలేదు. మీ మనిషి వచ్చిన రోజు ఆ ఇళ్లలో కనపడినవి ఎగువ వరస వాళ్ల ఆరు దుప్పట్లు. వాటిని ఇంటింటికీ తిప్పించింది నేను. అందాయని చెప్పించింది నేను. ఆ ఇళ్లవాళ్ల తప్పు లేదు. శిక్ష వేయాలంటే నాకు వేయండి, నేను ఇక్కడే ఉంటాను.

కానీ ఒకటి అడుగుతాను. మీరు దుప్పటి ఉందా అని చూడమన్నారు. తడి ఉందా అని చూడమనలేదేం? గోడ మీద వరద గీత నా ఛాతీ ఎత్తున ఉంది. దాన్ని దాచడానికి మా దగ్గర ఏ దుప్పటీ లేదు. అది ఆ రోజు కూడా ఇరవై మూడు ఇళ్లలోనూ కనపడుతూనే ఉంది.

మీరు కట్టిస్తామన్న ఎత్తు పునాది ఇళ్లు ఉండి ఉంటే జూలై రెండున ఇడుమ గుమ్మంలో నీళ్లు ఉండేవి కావు. ఆ ఇళ్లు వెనక్కి ఇవ్వండి. మిగిలిన గోడలు ఇంకో వానకి ఆగవు. ఇప్పుడు ఇరవై మూడు ఇళ్లవాళ్లూ మా ఎగువ వరసలో, ఒక్కో ఇంట్లో పదిమంది చొప్పున పడుకుంటున్నారు. మళ్లీ మనిషిని పంపితే వాన రోజున పంపండి.

బంగార్రాజు గారు ఇది నాకు రెండుసార్లు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది.

పార్వతమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:

బంగార్రాజు, రైల్వే గార్డు (విశ్రాంత), కోహ్కా. రాసినవాడు. సంతకం.

ఛాయ, ఇడుమ కోడలు, దిగువ వరస. వేలిముద్ర. అడగకుండానే వచ్చి వేసింది. వేసే ముందు కాగితం మొత్తం మళ్లీ చదివించుకుంది.

కిరణ్మయి, ఫిబ్రవరిలో చూడడానికి వచ్చిన మనిషి. తెలిసీ తప్పు రాసినదాన్ని. ఇడుమ ఇల్లు ఉన్న చోట, నేల మీద కూర్చుని ఈ సంతకం పెట్టాను.